మా బ్లాకులు కూల్చి కట్టడానికి సంతకాలు సేకరించమంటున్నారు. నేను ఇంటింటికీ వెళ్లి అడగడం న్యాయమేనా?

బ్లాక్ 5 నివాసి అడిగిన ప్రశ్న:

మాది ప్రభుత్వ హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీ. మూడంతస్తుల బ్లాకులు, లిఫ్టు లేదు, మధ్యలో అందరిదీ అయిన ఖాళీ జాగా. అలాట్‌మెంట్ అమ్మ పేరు మీద ఉంది. నేను పుట్టి పెరిగింది ఇక్కడే.

ఇప్పుడు బోర్డు, ఒక డెవలపర్ కలిసి మొత్తం కూల్చేసి టవర్లు కడతామంటున్నారు. ఇప్పుడున్న కుటుంబాలకు ఇప్పటికంటే కాస్త పెద్ద ఫ్లాట్ ఉచితంగా ఇస్తారట. మిగతావి బయటివాళ్లకు అమ్ముకుంటారట. ప్రభుత్వం పైసా పెట్టదు. దీనికి అలాటీల్లో మెజారిటీ ఒప్పుకోవాలి. మా బ్లాకు ఫారాలన్నీ అసోసియేషన్ వాళ్లు నా చేతిలో పెట్టారు. చాలా ఏళ్లుగా ఇక్కడివాళ్లకు దరఖాస్తులు రాసేది, వచ్చిన నోటీసులు చదివి అర్థం చెప్పేది నేనే. "ఆమె చెప్తే పెడతారు" అని ప్రెసిడెంట్ గారు నా ముందే అన్నారు. నాకున్న టెన్షన్ అంతా ఆ మాట గురించే.

ఫారం రెండు పేజీలు. పైన "అంగీకార పత్రం" అని పెద్ద అక్షరాలు. లోపల ఫ్లాట్ విస్తీర్ణం దగ్గర "సుమారు" అని ఉంది. గడువు దగ్గర "అంచనాగా 36 నెలలు". కట్టేటంత కాలం మనం బయట ఉండటానికి అద్దె "నిబంధనల ప్రకారం". ఆ నిబంధనలేమిటో జత చేయలేదు. గడువు దాటితే ఏం జరుగుతుందన్న మాట ఎక్కడా లేదు.

మా బ్లాకులో రెండిళ్ల గురించి చెప్తాను. పై అంతస్తులో ఒకావిడ ఉంటుంది, ఇద్దరు చిన్నపిల్లలు. వంటింటి స్లాబు పెచ్చులూడి చువ్వలు కనిపిస్తున్నాయి. రిపేరు చేయమని ఎన్ని అర్జీలు పెట్టినా "ఎలాగూ రీడెవలప్‌మెంట్‌కు పోతోంది కదమ్మా, ఇప్పుడెందుకు ఖర్చు" అని తిప్పి పంపుతున్నారు. నేను ఫారం చదువుతూ ఆలస్యం చేస్తున్నానని ఆమెకు కోపం. "నువ్వు అక్షరాలు చూస్తూ కూర్చో అక్కా, నా పిల్ల నెత్తిన పెచ్చు పడ్డాక వద్దువుగాని" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కింది అంతస్తులో ఒక పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. చూపు దాదాపు పోయింది. గుమ్మం నుంచి నీళ్ల పంపు దాకా, అక్కణ్ణుంచి మా మెట్ల దాకా గోడ పట్టుకుని తడుముకుంటూ ఎవరి సాయమూ లేకుండా తిరుగుతాడు. కొన్నేళ్లు వేరే చోటు, ఆ తర్వాత పద్నాలుగో అంతస్తు అంటే ఆయన జీవితం ఏమవుతుందో ఊహించలేకపోతున్నాను. ఆయన మాత్రం "నువ్వు పెట్టమంటే పెడతానమ్మా" అంటున్నాడు.

చట్టం ప్రకారం చెల్లుతుందా అని అడగడం లేదు. చెల్లుతుంది. ఇలాంటి పరిస్థితిలో సంతకం అడగడమే సరైనదా? అడిగేముందు ఏమేం రాతలో ఉండాలి? వేరే చోట్ల ఇలాంటివి ఎలా జరిగాయో తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీర్:

అమ్మా, ముందు ఆ పై అంతస్తు సంగతి. చువ్వలు బయటపడ్డాయంటే లోపల ఇనుము తుప్పు పట్టింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. అసలు పరిమాణానికి రెండింతల నుంచి ఆరింతల దాకా చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి పెచ్చులుగా రాలుతుంది. బిల్డింగ్ మొత్తం పోయిందని దీన్నిబట్టి చెప్పలేం. అలాగని ఊరుకోదగ్గదీ కాదు. ఆ వంటింట్లో స్లాబు కింద సపోర్టులు పెట్టి, వదులుగా ఉన్న పెచ్చులు కొట్టేసి, తుప్పు శుభ్రం చేసి రిపేర్ మోర్టార్ వేయడం కొద్ది రోజుల పని. రీడెవలప్‌మెంట్ వచ్చినా రాకపోయినా అది రేపే జరగాలి. పిల్లలున్న ఇంట్లో పెచ్చులు రాలుతుంటే ప్లాన్ పేరు చెప్పి ఆపడం నేరంతో సమానం. నేను ఉద్యోగంలో ఉండగా కూడా ఈ వాదన విన్నాను, అప్పుడూ ఒప్పుకోలేదు.

రెండోది, "బిల్డింగ్ పనికిరాదు" అని తేల్చింది ఎవరు? కంటితో చూసి రాసిన రిపోర్టును నమ్మకండి. స్తంభాల్లోంచి, స్లాబుల్లోంచి కోర్లు (డ్రిల్ చేసి తీసే కాంక్రీటు ముక్కలు) తీసి బలం పరీక్షించాలి. కాంక్రీటు క్షారగుణం ఎంత లోతుదాకా పోయిందో చూడాలి. ఆ గుణాన్ని కొలిచే పీహెచ్ కొత్త కాంక్రీటులో 12 పైన ఉంటుంది, అది 9 దగ్గరకు దిగితే చువ్వలకు రక్షణ ఉండదు. పునాదులు చూడాలి. అప్పుడు తేలుతుంది జాకెటింగ్ చేసి, అంటే స్తంభాల చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు వేసి, ఇంకో ముప్ఫై ఏళ్లు నడపవచ్చా, లేక దించేయాల్సిందేనా అని.

కొన్ని దించేయాల్సిందే, అది కూడా చెప్పాలి. లండన్‌లో రోనన్ పాయింట్ అని 22 అంతస్తుల కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వం) టవర్ ఉండేది. ఫ్యాక్టరీలో పోసిన గోడ పలకలను తెచ్చి ఒకదానిమీద ఒకటి నిలబెట్టారు. 1968 మే నెలలో, జనం దిగి రెండు నెలలు కావస్తుండగా, 18వ అంతస్తులో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం పైనుంచి కిందికి కుప్పకూలింది. నలుగురు చనిపోయారు. బలపరిచి మళ్లీ జనాన్ని ఉంచారు. 1986లో కూల్చేటప్పుడు విడదీసి చూస్తే జాయింట్లలో పని ఎంత నాసిరకంగా జరిగిందో బయటపడింది. కాబట్టి "కూల్చొద్దు" అని ముందే గట్టిగా పట్టుబట్టకండి. పరీక్ష చేయించమనండి. ఆ ఇంజనీరుకు ఫీజు డెవలపర్ ఇవ్వకూడదు. ఇది మాత్రం పట్టుబట్టండి.

హౌసింగ్ పాలసీ మీద పనిచేసే పరిశోధకురాలు:

మీ ప్రశ్నలో నన్ను ఆపేసింది రిపేర్ల మాట. ఇళ్లను పట్టించుకోకుండా వదిలేసి, అవి పాడయ్యాక "ఉండటానికి వీల్లేదు కాబట్టి కూల్చుదాం, ఒప్పుకోండి" అనడం ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. తల మీద పెచ్చులు రాలుతున్న మనిషి పెట్టే సంతకాన్ని నేను పూర్తి అంగీకారంగా చూడలేను. ఆవిడ కొత్త ప్లాన్‌కు ఒప్పుకోవడం లేదు, పాత బాధ నుంచి బయటపడాలనుకుంటోంది. ఈ రెండింటినీ ఒకే కాగితం మీద కలిపేశారు, తప్పు అక్కడుంది. ఇంజనీర్ గారు చెప్పిన రిపేరు ముందు జరిగితే, ఆ తర్వాత ఆమె చెప్పే "సరే"కి విలువ ఉంటుంది. "వద్దు"కీ ఉంటుంది.

అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని ప్రూయిట్-ఐగో పేరు వినే ఉంటారు. 11 అంతస్తుల బ్లాకులు 33. 1950ల మధ్యలో కట్టారు, 1972లో పేల్చి కూల్చడం మొదలుపెట్టారు. ఆ పేలుడు ఫొటోలు చూపించి "పేదలకు టవర్లు కడితే ఇంతే" అని దశాబ్దాల పాటు చెప్పారు. అసలు సంగతి వేరు. కట్టిన డబ్బు ప్రభుత్వానిదే గానీ మెయింటెనెన్స్ మాత్రం అద్దెలతోనే నడవాలన్నది నియమం. నగరం నుంచి జనం, ఉద్యోగాలు శివార్లకు పోతున్నాయి. ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ అద్దె తగ్గింది, అద్దె తగ్గేకొద్దీ లిఫ్టులు ఆగాయి, ఉన్న పేదల మీద అద్దె పెంచారు. 1969లో ఆ నగరపు పబ్లిక్ హౌసింగ్ వాళ్లు నెలల తరబడి అద్దె కట్టకుండా సమ్మె చేశారు. అదే ఏడు అద్దె ఆదాయంలో నాలుగోవంతు దాటకూడదని ఫెడరల్ చట్టం వచ్చింది. న్యాయమైన చట్టమే, కానీ ప్రూయిట్-ఐగో అప్పటికే చేయి దాటిపోయింది. మీ కొత్త టవర్ల మెయింటెనెన్స్ ఎవరు, ఎన్నేళ్లు భరిస్తారన్న లెక్క ఫారంలో ఉందా? చూడండి.

ఇంకోటి, ప్రభుత్వం డబ్బు పెట్టకుండా బయటివాళ్లకు అమ్మి కట్టే పద్ధతి. ఇది అన్నిచోట్లా చెడిపోలేదు. ముంబైలో బీడీడీ చాళ్లు అని ఒంటిగది ఇళ్ల బ్లాకులు 1920లలో కట్టినవి, 160 చదరపు అడుగుల గదులు. అక్కడివాళ్లకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ సొంతానికి ఇచ్చేలా స్కీమ్ పెట్టారు. నేల విలువ అంత ఎక్కువ కాబట్టి కుదిరింది, పని నడిపేది కూడా ప్రభుత్వ సంస్థే. కానీ అమ్మకాల మీద ఆధారపడ్డ ప్లాన్‌లో అమ్మకాలు తగ్గితే ముందు కోత పడేది మీవైపే. లండన్‌లో హేగేట్ ఎస్టేట్ అని, 1974లో పూర్తయింది, దాదాపు 1,200 ఇళ్లు. కౌన్సిల్ ఆ నేలను 50 మిలియన్ పౌండ్లకు అమ్మింది. జనాన్ని ఖాళీ చేయించి, ప్రాజెక్టును ముందుకు నడపడానికే 44 మిలియన్ల దాకా ఖర్చయింది. కొత్తగా అనుమతి ఇచ్చిన సుమారు 2,500 ఇళ్లలో పాత తరహా సోషల్ రెంట్‌కు (పేదలకు అందే తక్కువ అద్దెకు) కేటాయించినవి 80 చుట్టుపక్కల. మిగతా "అఫర్డబుల్" ఇళ్ల అద్దె, ధర వేరు, పాతవాళ్లలో చాలామందికి అందనివి. ఎందుకింత తక్కువ అంటే "అంతకంటే గిట్టదు" అన్నారు. గిట్టుబాటు లెక్క చూపించమంటే వ్యాపార రహస్యం అన్నారు. అక్కడే నివసించే ఒకాయన సమాచార హక్కు కింద పోరాడితే 2014లో ట్రిబ్యునల్ అందులో చాలా భాగం బయటపెట్టమంది. అప్పటికి ఎస్టేట్ ఖాళీ అయిపోయింది.

కాబట్టి మీరు ఆ లెక్క ముందే అడగండి. ఎన్ని ఫ్లాట్లు అమ్ముతారు, అంచనా ధరెంత, మిగులు ఎవరికి. ప్రభుత్వ నేల మీద వచ్చే లాభాన్ని ప్రజలకు చూపించడానికి అభ్యంతరం ఏముంటుంది?

తిరిగి వచ్చే హక్కు గురించి కూడా. షికాగోలో 2000 నుంచి ప్రభుత్వ ఇళ్లను పెద్ద ఎత్తున కూల్చినప్పుడు కుటుంబాలకు తిరిగొచ్చే హక్కు రాతపూర్వకంగానే ఇచ్చారు. తీరా కొత్త ఇళ్లు వచ్చేసరికి ఉద్యోగం ఉండాలి, అప్పుల రికార్డు బాగుండాలి, ఇంట్లో ఎవరిమీదా కేసు ఉండకూడదు వంటి షరతులు చేరాయి. ఏళ్లు గడిచి ఎవరెక్కడున్నారో తెలియకుండా పోయారు. చాలామంది రానేలేదు. అంతకుముందే, ఒక ఇల్లు కూలిస్తే ఒక ఇల్లు కట్టాలన్న ఫెడరల్ నియమాన్ని 1995లో పక్కనపెట్టి 1998లో పూర్తిగా ఎత్తేశారు. మీ ఫారంలో "తిరిగి ఫ్లాట్ ఇస్తాం" అన్న వాక్యం తర్వాత కొత్త షరతులేవీ పెట్టబోమని రాయించండి. గడువు దాటిన ప్రతి నెలకూ ఎంత చెల్లిస్తారో, అద్దె ఆగిపోతే మీరు డ్రా చేసుకోగల బ్యాంకు గ్యారంటీ ఏదో కూడా.

కూల్చకుండా చేసినవీ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో బోర్డో నగరంలో 1960ల నాటి మూడు బ్లాకుల్లో 530 ఫ్లాట్లను లకటన్, వాసల్ అనే ఆర్కిటెక్టులు తమ సహచరులతో కలిసి బాగుచేశారు. బ్లాకు ముందు కొత్తగా స్వతంత్రంగా నిలబడే నిర్మాణం కట్టి, ప్రతి ఫ్లాట్‌కూ దాదాపు నాలుగు మీటర్ల లోతున అద్దాల వరండా చేర్చారు. లిఫ్టులు మార్చారు, స్నానాల గదులు మార్చారు. జనం ఇళ్లు వదిలి పోలేదు. ఒక్కో ఫ్లాట్‌లో పని రెండు వారాల చుట్టూ పట్టింది. 2017కల్లా పూర్తయింది. ఆ ఆర్కిటెక్టులిద్దరికీ 2021లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది. మీ మూడంతస్తుల బ్లాకులకు బయటినుంచి లిఫ్టు పెట్టడం అంతకన్నా కష్టమా? ఈ దారి పరిశీలించారా, లేదంటే ఎందుకు అని అడగండి. వద్దనడానికి కారణం ఉండొచ్చు, కానీ అది కాగితం మీద ఉండాలి.

కొత్త టవర్లోకి మారినవాణ్ణి:

పైవన్నీ చదివాక ఒక మాట చెప్పాలనిపించింది. మా కాలనీ కూడా ఇలాగే కూల్చి కట్టారు. మేం సంతోషంగా ఉన్నాం. మా నాన్న మోకాళ్ల నొప్పితో ఏళ్ల తరబడి కిందికి దిగలేదు, ఇప్పుడు లిఫ్టులో దిగి రోజూ నడుస్తాడు. మా చెల్లెలు చదువుకోవడానికి ఒక గది ఉంది. పాత గోడల్లో చెమ్మ, ఎలుకలు, బాత్‌రూమ్ పైపు కారడం, ఇవన్నీ "సమాజం", "జ్ఞాపకాలు" అనుకుని భరించాలంటే భరించేవాళ్లకు తెలుస్తుంది. ఆ పై అంతస్తు ఆవిడ తొందరను తేలిగ్గా తీసుకోకండి.

కాకపోతే నెలనెలా మెయింటెనెన్స్ పాత అద్దె కంటే ఎక్కువైంది. పంపులు, లిఫ్టు, జనరేటర్, సెక్యూరిటీ. అది కట్టలేక ఫ్లాట్ అద్దెకిచ్చి వేరే చోటికి పోయినవాళ్లు మా ఫ్లోర్లోనే ఉన్నారు. అమ్మకపు టవర్లకు వేరే గేటు, తోట వాళ్లవైపే. ఇవి ముందు అడగాలని మాకెవరూ చెప్పలేదు.

అలాట్‌మెంట్ లేనివాణ్ణి:

మీ లెక్కల్లో మేం లేము. ఇలాంటి కాలనీలోనే ఒక అలాటీ దగ్గర పన్నెండేళ్లుగా అద్దెకుంటున్నాం. నా భార్య నాలుగిళ్లలో పని చేస్తుంది, అన్నీ నడిచి వెళ్లే దూరం. ఇక్కడ సంతకాల సేకరణ జరిగినప్పుడు మా తలుపు తట్టనే లేదు. ఓనర్‌కు కొత్త ఫ్లాట్, మాకు ఖాళీ చేయమన్న కబురు. చట్టప్రకారం మేం ఉండకూడదంటారు సరే. ఉన్నామని మాత్రం అందరికీ తెలుసు, కరెంటు బిల్లు మేమే కడతాం, పిల్లలు ఈ అడ్రసుతోనే బడిలో చేరారు. మేడమ్, మీ బ్లాకులో మాలాంటివాళ్లు ఎన్ని ఇళ్లలో ఉన్నారో ఒకసారి చూడండి.

బ్లాక్ 5 నివాసి:

అందరికీ నమస్కారం. అన్నీ అమ్మకు చదివి వినిపించాను.

చివర రాసిన అన్నగారికి. మా బ్లాకులో అద్దెకున్న కుటుంబాలు మూడు. వాళ్ల పేర్లు నాకిచ్చిన జాబితాలో లేవు. ఆ మూడిళ్లకూ వెళ్లి ఫారం చదివి వినిపిస్తాను, వాళ్లు చెప్పింది విడిగా రాసి జత చేస్తాను. దానివల్ల హక్కు రాదని తెలుసు. కనీసం "ఎవరూ లేరు" అని రేపు అనలేరు.

ఫారాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. పై అంతస్తు వంటింటికి సపోర్టులు పెట్టేదాకా మా బ్లాకు నుంచి ఒక్క కాగితం కూడా వెళ్లదని ప్రెసిడెంట్ గారికి చెప్పాను. ఆయనకు నచ్చలేదు, ప్రాజెక్టును అడ్డుకుంటున్నానన్నారు. అడ్డుకోవడం లేదు. పై అంతస్తు ఆవిడకు కూడా ఇదే చెప్పాను, ఈసారి ఇద్దరం కలిసి అర్జీ రాశాం. టవర్‌కు మారినాయన రాసింది చూపించాను. "చూశావా" అంది, ఆ వెంటనే మెయింటెనెన్స్ ఎంతో అడగమంది.

పెద్దాయన విషయం మాత్రం తెగడం లేదు. నేను పెట్టమంటే పెడతానంటున్నాడు. ఆయన్ను అడిగే హక్కు నాకుందా?

హౌసింగ్ పాలసీ మీద పనిచేసే పరిశోధకురాలు:

మీరు అడగకండి, ఈ ఒక్క ఇంటికి మాత్రం. మీ మీద నమ్మకంతో పెట్టే సంతకం ఆయన అభిప్రాయం ఎలా అవుతుంది? కాలనీతో సంబంధం లేని లాయర్ ఎవరైనా ఆయనకు విడిగా చదివి చెప్పాలి. ఉచిత న్యాయ సహాయం ఉంటే అక్కడి నుంచి పిలిపించండి. కింది అంతస్తు ఫ్లాట్ ఆయన పేరున కేటాయించాలని, మధ్యలో మారడం ఒక్కసారికి మించకూడదని షరతు రాయించవచ్చు. ముందు ఖాళీ జాగాలో ఒక టవర్ కట్టి, అది పూర్తయ్యాక మొదటి బ్లాకులవాళ్లను నేరుగా అందులోకి మార్చి, అప్పుడు ఆ బ్లాకులు కూల్చే పద్ధతి ఉంది. కాలనీ మధ్యలో జాగా ఉందన్నారు కదా. అలా చేస్తే చాలామంది ఊరిమీద పడి అద్దె ఇల్లు వెతుక్కోనక్కర్లేదు.

సంతకాల బదులు రహస్య ఓటు అడగండి. లండన్‌లో 2018 నుంచి, మేయర్ నిధులతో పెద్ద ఎస్టేట్ కూల్చాలంటే నివాసుల ఓటు తప్పనిసరి చేశారు. ఎక్కువ చోట్ల "సరే" అనే వచ్చింది, అయినా ఓటుకు ముందు హామీలన్నీ ఒక పుస్తకంగా ఇంటింటికీ ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ కూడా ప్రైవేటుగా అద్దెకున్నవాళ్లలో, ఇంటి కోసం కౌన్సిల్ జాబితాలో ఏడాదికి పైగా ఉన్నవాళ్లకే ఓటు. మీ మూడు కుటుంబాల మాట మీరు విడిగా రాయడం మంచి పని.

రిటైర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీర్:

అర్జీలో "తక్షణ ప్రమాదం" అన్న మాట వాడండి, ఫొటో మీద తేదీ కనపడాలి, అందినట్టు రసీదు తీసుకోండి. ప్రమాదం తెలిసీ ఊరుకున్నారని రేపు నిరూపించేది ఆ రసీదే. సపోర్టులు పెట్టేదాకా ఆ వంటింట్లోకి పిల్లల్ని రానివ్వొద్దనండి. నేను చెప్పిన పరీక్షల రిపోర్టు వస్తే ఇక్కడ పెట్టండి. కోర్లు ఏ బ్లాకులో, ఏ స్తంభంలో తీశారో మ్యాపు లేకపోతే ఆ రిపోర్టును వెనక్కి పంపండి.